చెరకుతోటలో రాసిన పుస్తకం

పోయినవారం పొద్దున్నే ఫోను మోగింది. పొయ్యిమీద పాలున్నాయి. అవతలి గొంతు ఎవరిదో తెలియలేదు గాని ఆ మాటతీరు మాత్రం తెలిసింది. కోటబొమ్మాళి వైపు మాట.

“పంతులమ్మగారేనాండీ? నాను మిలట్రీకి అన్న కొడుకుని. మా సిన్నాన్న పోనాడండి. నిన్న మజ్జానం అన్నం తిని అరుగుమీద ఒరిగినాడు, మరి లెగనేదు. నాను పోతే ఇజినారం పంతులమ్మకి సెప్పండిరా అని ఎప్పుడో సెప్పుంచినాడు. అందుకు ఫోను సేసినాను.”

“బాధేమన్నా పడ్డాడా నాయనా?” అని అడిగాను.

“నేదండి. సుకంగా పోనాడు.”

ఫోను పెట్టేసి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఏడుపు రాలేదు. ఎనభై దాటిన మనిషి, కడుపునిండా తిని పడుకుని పోయాడు. అది ఏడవాల్సిన చావు కాదు. కాని నా చేతులు రెండూ చల్లబడిపోయాయి. ఎప్పుడో నాకు ఇరవయ్యేళ్ళు దాటిన కొత్తలో, మూతపడిన ఒక రైస్‌మిల్లులో కూర్చున్నప్పుడు ఎలా చల్లబడ్డాయో అచ్చం అలాగే. ఇన్నేళ్ళ తర్వాత, ఆయన లేడన్న మాట విన్నాక కూడా, ముందుగా కళ్ళకి కట్టింది ఆయన మొహం కాదు, ఆ మిల్లు తలుపు. అది నాకు నచ్చలేదు. ఆయన అంతకంటే చాలా ఎక్కువ మనిషి. అందుకే రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. తన పేరు రాసుకున్న పుస్తకం జేబులో ఉన్నందుకు ఆయనకేం జరిగిందో చూసినదాన్ని. ఊరంతా ఆయన్ని మిలట్రీ అనేది. నేను అన్నయ్యగారూ అనేదాన్ని.

మాది విజయనగరం. నాన్న సంగీతం చెప్పేవారు. ఇంట్లో పొద్దస్తమానం ఎవరో ఒకరు సరళీస్వరాలు అప్పచెబుతూ ఉండేవారు. నాకు పాట అబ్బలేదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి మొదటి ఉద్యోగం తెచ్చుకున్నాను. కోటబొమ్మాళిలో రైలు దిగి, బస్సెక్కి, బస్సు వదిలేసిన చోటునుంచి చేలగట్ల మీద నడిస్తే వచ్చే ఊరు. చుట్టూ వరి, మెట్టమీద చోళ్ళు (రాగుల్ని అటువైపు అలా అంటారు), గోగు. అటు చివర కొండలు. ఒక రైతు ఇంట్లో ముందుగది అద్దెకిచ్చారు. ఆ రైతుని పెద్దన్నయ్యా అనేదాన్ని, ఆయన భార్యని వదినా అనేదాన్ని. వాళ్ళకి ఇద్దరు చిన్నపిల్లలు. ఇంట్లో ఇంకో మనిషి ఆ రైతు తమ్ముడు. ఆయనే మిలట్రీ.

పంజాబు వైపు జరిగిన యుద్ధంలో పక్కన గుండు పేలి ఎడమచెవి పోయింది. చెవి పోయినవాణ్ణి పటాలం ఉంచుకోలేదు, ఇంటికి పంపేసింది. నేను వెళ్ళేసరికి ఆయన ఊరికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ముప్ఫై ఉంటాయేమో. పెళ్ళి మాటెత్తితే, “ఆ పిల్ల ఎడంపక్క పడుకుంటే తను ఏడుస్తన్నా నాకు ఇనబడదు వదినా” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

ఎడమవైపు కూర్చుని ఎవరైనా మాట్లాడుతుంటే లేచి, చుట్టూ తిరిగి వచ్చి, వాళ్ళకి ఎడంపక్కన కూర్చునేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. కొత్తవాళ్ళు తమకేదో మర్యాద చేస్తున్నాడనుకునేవారు. గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా ఎవరైనా నిలబడితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు. తనూ ఎప్పుడూ గుమ్మంలో నిలబడేవాడు కాదు, గోడవారగా నిలబడి పిలిచేవాడు. పొలానికి వట్టికాళ్ళతో వెళ్ళేవాడు గాని బూట్లకి ప్రతిరోజూ పాలిష్ పెట్టి అరుగుచివర ఎండకి ఉంచేవాడు. వదిన ఆ బూట్లమీద అప్పడాల పిండి నీళ్ళు చిందించిందని ఒకసారి పగలంతా మాట్లాడలేదు.

ఎడ్లతో హిందీలో మాట్లాడేవాడు. ఆ ఊళ్ళో హిందీ వచ్చింది ఆయనకీ, ఆ రెండు ఎడ్లకీ మాత్రమే. ఆయన ‘ఆగే’ అంటే కదిలేవి, ‘రుక్’ అంటే ఆగేవి. పెద్దన్నయ్య నాగలి పడితే అవి నిలబడి చూసేవి. “నీ ఎడ్లకి మన బాస మరిపించీసినావురా” అని పెద్దన్నయ్య విసుక్కునేవాడు.

అన్నం దగ్గర కూర్చుంటే ముందుగా, “అందరికీ అయిందా?” అని అడిగేవాడు. రోజూ అడిగేవాడు. వదిన కూడా రోజూ ఒకటే చెప్పేది: “నీ పటాలమంతా తినీసినాది బావూ, నువ్వు తిను.” అప్పుడు తినేవాడు.

ఒక ఆదివారం నా గది బయట గోడవారగా నిలబడి పిలిచాడు. చేతిలో తువ్వాలులో చుట్టినదేదో ఉంది.

“పంతులమ్మా, తప్పులు దిద్దిపెడతావేటి?”

పిల్లల నోటుబుక్కు అనుకున్నాను. విప్పి చూస్తే అరచేతికి సరిపడే పుస్తకం. మైనపుగుడ్డ అట్ట. అట్టలోపల పేరు. లోపలంతా పెన్సిలుతో రాసిన తెలుగు అక్షరాలు, లావుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. కొన్ని కాగితాలు చెమటకి తడిసి ఆరి అప్పడాల్లా ఉన్నాయి.

“యుద్ధంలో రాసుకున్నాను. పిల్లలు పెద్దోల్లయ్యాక మా సిన్నాన్న అక్కడికెల్లి ఏటి సేసినాడు అంటారు కదా. అప్పుడు సదువుతారు. నాను సదివినాది అయిదోక్లాసు. తప్పులుంటే నవ్వుతారు.”

“యుద్ధంలో రాసుకోవడానికి తీరిక ఉంటుందా అన్నయ్యగారూ?”

“తీరికే ఎక్కువమ్మా అక్కడ. పేలితే పేలినంతసేపు. మిగతాదంతా కూకోడమే. కూకుంటే సెయ్యి ఒణికీది. రాస్తన్నంతసేపు ఒణకదు. అందుకు రాసినాను.”

ఆ రోజు నుంచి బడి అయ్యాక కాసేపు ఆ పుస్తకం మా పని. నేను అరుగుమీద ఆయనకి కుడిపక్కన కూర్చుని ఎర్రసిరా కలంతో దిద్దేదాన్ని. బళ్ళో పిల్లల పలకలయినా కాపీలయినా ఎర్రసిరాతో దిద్దడమే మాకు నేర్పింది. వదిన ఎదురుగా బియ్యం ఏరుకుంటూ కూర్చుని, “పైకి సదువమ్మా, నానూ ఇంటాను” అనేది. చదివేదాన్ని.

తారీకులు లేవు. ఊళ్ళ పేర్లు లేవు. కాగితం అవతలివాళ్ళకి దొరికితే ముప్పని అవేవీ రాయొద్దన్నారట. ప్రతి రాతా ‘ఈ రోజు’ అనే మొదలయ్యేది. కొన్ని నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి.

‘ఈ రోజు సెరుకుతోటలో దిగినాం. సెరుకు ముట్టుకోవద్దని ఆడ్రు. ముట్టుకున్నాం. మన సెరుకే తీపి.’

‘ఈ రోజు నీల్లు నేవు. కాలవ ఉన్నాది. ఈ గట్టు మనది. ఆ గట్టు వాల్లది. నీల్లు ఎవులివో తెల్దు.’

‘ఈ రోజు వాల్ల టేంకు కాలిపోనాది. లోపలోల్లు దిగనేదు. అన్నం వద్దన్నాను. హవల్దారు తినమన్నాడు. తిన్నాను.’

‘ఈ రోజు ఒక ఊరు. అందరూ ఎలిపోనారు. ఒక ముసిల్ది ఉండిపోనాది. రొట్టి పెట్టినాది. ఆవిడ బాస నాకు రాదు. నా బాస ఆవిడికి రాదు. అమ్మా అన్నాను. పలికినాది.’

ఇది చదివినరోజు వదిన బియ్యం ఏరడం ఆపేసింది. “తరవాత ఆవిడేటైంది బావూ?”

“మేం ముందుకెలిపోనాం వదినా. తెల్దు.”

ఇంకొకటి: ‘ఈ రోజు వాల్లోడు ఒకడు దొరికినాడు. నాకన్నా సిన్నోడు. బయానికి లాగు తడుపుకున్నాడు. నా కాడ రెండో లాగు ఉంటే ఇచ్చినాను. మరి నాకు నేదు.’

మొదట్లో నేను తప్పులన్నీ దిద్దేశాను. ‘సెప్పినాడు’ని ‘చెప్పాడు’ చేశాను, ‘నేదు’ని ‘లేదు’ చేశాను. రెండు పేజీలు అలా దిద్ది చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు.

“బాగుందమ్మా. గానీ నాను ఆ తోటలో ఉన్నట్టు నేదు. రేడియోవోడు ఉన్నట్టున్నాది.”

తర్వాత అలా చెయ్యలేదు. మాటలు ఆయనవి ఆయనకే ఉంచి, వత్తులూ గుణింతాలూ మాత్రం దిద్దుదామని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. తప్పుపడ్డ అక్షరం కింద ఎర్రగీత గీసేదాన్ని. ఆయన దాన్ని చూసి పక్కన మళ్ళీ రాసేవాడు. నాలుక పళ్ళ మధ్య బిగబట్టి రాసేవాడు, రెండో క్లాసు పిల్లల్లాగే.

పుస్తకంలో బొమ్మలు కూడా ఉండేవి. కాలవ, దానిమీద వంతెన, ఇటుపక్క చెరకు, అక్కడక్కడ ఇంటూ గుర్తులు, బాణాలు. ఆ బొమ్మల్ని ఎంతో ఇష్టంగా వివరించేవాడు. “ఇదిగో ఈ గీత కాలవ. ఇక్కడ బ్రిడ్జి. ఈ ఇంటూ నాను. ఈ పక్క ఇంటూ హవల్దారు.” ఒక గుర్తుమీద వేలు పెట్టి, “ఈడు మరి నేడు, పోనాడు” అని, వేలు తీసేసేవాడు.

అవి మా ప్రాంతంలో మంచిరోజులు కావు. కొండలమీద గిరిజనుల తిరుగుబాటు ఏదో మొదలైందని ముందు గుసగుసగా విన్నాం. తర్వాత జీపులు వచ్చాయి. సంతకి వెళ్ళేవాళ్ళు గుంపుగా వెళ్ళి ఎండ ఉండగానే తిరిగొచ్చేసేవారు. కొత్త మనిషి కనబడితే ఎవరు నువ్వు అని అడగడం కూడా మానేశారు. అడిగితే వాడు ఏ పక్కవాడో తేలుతుంది, తేలితే భయం. బస్సురోడ్డు మీద మూతపడి ఉన్న ఒక రైస్‌మిల్లులో పోలీసులు క్యాంపు పెట్టారు. మిలట్రీకి మాత్రం బెంగ లేదు. “మన గవర్మెంటోల్లే కదమ్మా, నానూ ఆల్ల మనిషినే కదా” అనేవాడు. సంతకి వెళ్తూ ఆ మిల్లు ముందునుంచి పోయేటప్పుడు కాపలావాడికి సెల్యూట్ కొట్టేవాడట. వాళ్ళు నవ్వుకునేవారట.

కోతలు అయిపోయిన రోజులు. మేం దిద్దడం పూర్తయింది. ఇక మంచి పుస్తకం ఒకటి కొని దాంట్లోకి ఎత్తిరాయాలి. ఎంత పెద్దది కొనాలో షాపులో కొలిచి చూసుకుంటానని పాతపుస్తకం జేబులో పెట్టుకుని, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, సంతకి బయలుదేరాడు. వదిన చింతపండు తెమ్మంది. నేను బడికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం కాకముందే పెద్దన్నయ్య బడికి వచ్చాడు. లోపలికి రాలేదు. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

“పంతులమ్మా, మావోణ్ణి పట్టుకుపోనారు.”

“ఎవరు?”

“పోలీసోల్లు. మిల్లు కాడ. ఆగమని కేకేసినారంట. ఆగనేదంట. ఎలా ఆగుతాడమ్మా, ఆ పక్క సెవి ఇనబడదు కదా. ఆ పక్కనుంచి కేకేస్తే ఆడికెలా తెలుస్తాది?” ఈ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. దారంతా కూడా అదే అన్నాడు. అదొక్కటి ఎవరికైనా అర్థమైతే చాలు, తమ్ముడు వచ్చేస్తాడన్నట్టు అన్నాడు.

పక్క ఊరివాళ్ళు చూసి చెప్పారట. జేబులో పుస్తకం దొరికింది. కొండమీదివాళ్ళ పుస్తకం అన్నారు. జబ్బ పట్టుకుని లోపలికి లాక్కుపోయారు.

ఊరి మునసబు దగ్గరికి వెళ్ళాం. ఆయన మంచం మీంచి లేవలేదు. “నాను రాను. రేపు నాను ఎవుడి మనిసినని అడుగుతారో నాకేటి తెలుసు? నువ్వు కూడా ఎల్లకు పంతులమ్మా. ఉజ్జోగం ఉన్నదానివి” అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రోజుల్లో అందరూ అలాగే ఉన్నారు. నాకూ భయం లేకపోలేదు. కాని ఆ పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మనిషిని ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే. దాంట్లో ఏముందో చెప్పగలిగేది ఇంకెవరు?

డిశ్చార్జి కాగితాలు ఆయన ట్రంకుపెట్టెలో ఉన్నాయి. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. వదిన పచ్చడిబండ తెచ్చి రెండు దెబ్బల్లో తాళం బద్దలుకొట్టింది. లోపల యూనిఫారం ఇస్త్రీ మడతలో ఉంది. దానిమీద కాగితాలు, ఒక పతకం. అన్నీ నా ఒళ్ళో పడేసి, “తీసుకురండి బావుని” అంది. ఇంకేం అనలేదు.

మిల్లు వాకిట్లో ఊక గుట్టలు అలాగే ఉన్నాయి. ఆఫీసరు మాకు తెలియని ప్రాంతంవాడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు. పెద్దన్నయ్య చేతులు కట్టుకుని గోడదగ్గర నిలబడ్డాడు. గుమ్మం దగ్గర లాఠీతో ఒక కుర్ర కానిస్టేబులు. మీసం ఇంకా పూర్తిగా రాలేదు. బల్లమీద మా పుస్తకం ఉంది. ఎవరో నీళ్ళగ్లాసు దానిమీద పెట్టారు. అట్ట తడిసింది.

“మీరు టీచరా? ఈ ఎర్రసిరా ఎవరిది?” అన్నాడు ఆఫీసరు.

“నాదండి.”

“ఈ మాటల కింద ఎందుకు గీశారు? ‘గట్టు వాల్లది.’ ‘వాల్ల టేంకు.’ దీని అర్థం ఏమిటి?”

“వత్తు తప్పండి. వాల్లు కాదు, వాళ్ళు. ళకి ళవత్తు.”

నన్ను అలాగే చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడో ఏమో. నా గొంతు బళ్ళో పాఠం చెప్పినట్టే వచ్చింది, అది నాకే వింతగా ఉంది. లోపలిగదిలోంచి ఒక శబ్దం వచ్చింది. మూలుగు కాదు. ఊపిరి బిగబట్టి వదిలినట్టు. పెద్దన్నయ్య తల అటు తిరిగింది.

ఆఫీసరు ఇంకో పేజీ తిప్పాడు. “ఇది ఇక్కడి కాలవ మీద కల్వర్టు. ఇటు చెరకుతోట. ఈ ఇంటూలు మనుషులు. కాదంటారా?”

“కాదండి. అది పంజాబు. యుద్ధం జరిగినప్పుడు గీసింది.”

“పంజాబు అని ఎక్కడ రాసి ఉంది? తారీకు ఏది?”

“రాయొద్దని పటాలంలో ఆర్డరట. శత్రువులకి దొరుకుతుందని.”

నేను పతకం, కాగితాలు బల్లమీద పెట్టాను. గ్లాసు తీసి పక్కన పెట్టి, పుస్తకం తెరిచి, ముసలమ్మ రొట్టె పెట్టిన రాత పైకి చదివాను. లాగు ఇచ్చిన రాత చదివాను. ఆయన ఎలా రాశాడో అలాగే చదివాను. ఆఫీసరు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ముద్రలు చూశాడు. ఆయన మొహంలో పెద్దగా మార్పేమీ లేదు. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

“ఈ సంగతి అతను ముందే చెప్పి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు.”

“సెప్పుంటాడు బాబూ. ఆడు ఎవుల్తోనైనా ముందు అదే సెప్తాడు” అన్నాడు పెద్దన్నయ్య.

గుమ్మం దగ్గర కుర్రవాడు అన్నాడు, నేలవైపు చూస్తూ: “సెప్పినాడండి.”

ఆఫీసరు తలెత్తాడు.

“సెప్పినాడండి. మిలట్రీనని సెప్పినాడు. సెవి ఇనబడదని కూడా సెప్పినాడు. అబద్దం అనుకున్నాం.”

నా చేతులు చల్లబడింది అక్కడే. వాడి మాట మా వదిన మాటే, పెద్దన్నయ్య మాటే. ఆ చుట్టుపక్కల ఏదో ఊరి పిల్లవాడు. అంతవరకూ లోపల ఏం జరిగి ఉంటుందోనని ఊహించుకుని భయపడ్డాను గాని, అది చేసినవాళ్ళు మాట్లాడే భాష ఏదై ఉంటుందో ఊహించలేదు. ఎందుకో వాళ్ళు వేరే మాట మాట్లాడతారనుకున్నాను.

ఆయన్ని తీసుకొచ్చారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే వచ్చాడు, ఒక గుండీ తప్పుడు కాజాలో పడింది. ఎడమచేత్తో పెట్టుకున్నాడని తర్వాత అర్థమైంది. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు నల్లగా తడిసి గట్టిపడింది. దాంట్లోంచి కనబడుతున్నవి వేళ్ళలా లేవు. మొహంమీద దెబ్బలేదు. మమ్మల్ని చూడలేదు. బల్లముందు కాళ్ళు దగ్గరగా చేర్చి నిటారుగా నిలబడ్డాడు.

“ఎల్లొచ్చా సార్?”

“వెళ్ళవచ్చు. పొరపాటు జరిగింది” అన్నాడు ఆఫీసరు.

ఆయన మడమమీద వెనక్కి తిరిగాడు, కవాతులో తిరిగినట్టు. నేను పుస్తకం తీసుకోబోయాను. ఆఫీసరు దానిమీద చెయ్యి పెట్టాడు. “ఇది పైకి పంపాలి. తర్వాత ఇస్తాం.”

“దాంట్లో ఏమీ లేదని మీకు తెలిసింది కదండీ.”

మిలట్రీ వెనక్కి చూడకుండానే అన్నాడు: “ఒద్దు పంతులమ్మా. రా.”

తిరిగి ఊళ్ళోకి వస్తుంటే వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. వదిన ఆ చెయ్యి చూసి వాకిట్లోనే కూలబడిపోయింది. తర్వాత లేచి అన్నం కలిపి, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు ముద్దలు నోట్లో పెట్టింది. తిన్నాడు. అందరికీ అయిందా అని ఆ పూట అడగలేదు. మాలో ఎవరికీ కాలేదు.

ఆ తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను. పక్క ఊరినుంచి ఎముకలు కట్టేవాడొచ్చి కట్టు కట్టాడు. అది కుదరక శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బొటనవేలు, దాని పక్కవేలు పనికి మిగిలాయి. మిగతావి ఇక వంగలేదు. నాగలి ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు. ఎడ్లతో హిందీ మానేశాడు. మన మాటలోనే అదిలిస్తే అవి కొన్నాళ్ళు తికమకపడి, తర్వాత అలవాటుపడ్డాయి. బూట్లు అరుగుమీంచి లోపలికి వెళ్ళిపోయాయి. పుస్తకం కోసం నేను రెండుసార్లు మిల్లుకి వెళ్ళాను. మొదటిసారి ఇంకా రాలేదన్నారు. రెండోసారి వెళ్ళేసరికి ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడు, కొత్తాయన అలాంటిదేదీ తమ దగ్గర లేదన్నాడు. ఆ మరుసటి వేసవికి నాకూ నెల్లిమర్ల దగ్గరికి బదిలీ అయింది. తర్వాత ఆయన్ని రెండు పెళ్ళిళ్ళలో చూశాను. నన్ను చూడగానే లేచి, చుట్టూ తిరిగి వచ్చి, నాకు ఎడంపక్కన కూర్చున్నాడు. పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక్కసారి తప్ప. అది నా బదిలీకి ముందు, కట్టు విప్పిన కొత్తలో.

నేనే కోటబొమ్మాళిలో ఒక లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చాను. ఆయన అరుగుమీద కూర్చుని గోగునారతో ఎడ్లని కట్టే పలుపు పేనడానికి ప్రయత్నిస్తున్నాడు. తాడు బొటనవేలికి చుట్టుకుంటోంది గాని మెలిపడటం లేదు. కుడిపక్కన కూర్చున్నాను.

“అన్నయ్యగారూ, మీరు చెప్పండి. నేను రాస్తాను. మీరన్న మాట అన్నట్టే రాస్తాను.”

“ఏది? ఆ సెరుకుతోటా?”

“అది కూడా. ముందు మిల్లు సంగతి చెప్పండి. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.”

పేనడం ఆపాడు. కాదంటాడనుకున్నాను. కాదనలేదు. గొంతు సవరించుకుని, నేను డిక్టేషను చెప్పేటప్పుడు చెప్పినట్టే, ముక్కలు ముక్కలుగా చెప్పడం మొదలుపెట్టాడు.

“ఈ రోజు సంతకెల్లినాను.”

రాశాను.

“సింతపండుకి.”

రాశాను.

“దారిలో…” అని ఆగాడు. “దారిలో ఆపినోల్లని ఏటని రాస్తావు?”

“పోలీసులు అని రాస్తాను.”

“అది ఉజ్జోగమమ్మా. ఆ గుమ్మంకాడి కుర్రోడు మన పక్కూరోడు. ఆడి అయ్యా నానూ సంతలో బీడీ ఇచ్చిపుచ్చుకునీవోల్లం. ఆడికి ఆ సంగతి తెలుసు. నా సెయ్యి బల్లమీద ఎట్టినప్పుడు ఆడే పట్టుకున్నాడు, కదలకుండా. నా వొంక సూణ్ణేదు. ‘కదిలితే ఎక్కువ తగుల్తాది, కదలకు మావా’ అన్నాడు.”

నా కలం కాగితం మీదే ఉంది. సిరా చుక్క పెద్దదవుతోంది.

“ఆ పుస్తకంలో ‘మనోల్లు’ అని రాసినాను, ‘వాల్లు’ అని రాసినాను. రెండే మాటలు. అంత యుద్ధానికీ ఆ రెండూ సరిపోనాయి. పేలుతుంటే కూడా ఎవులు ఏటో తెలిసీది నాకు.” ఆయన గొంతులో కోపం లేదు. లెక్క తెగక పంతులమ్మ దగ్గరికి పలక పట్టుకొచ్చిన పిల్లవాడు ఎలా అడుగుతాడో అలా నా మొహంలోకి చూసి అడిగాడు. “సదువుకున్నదానివి కదా. నువ్వు సెప్పు. ఆణ్ణి ఏటని రాయాల?”

నిజంగా తెలుసుకుందామనే ఆయన అడిగాడు, నిజంగానే జవాబు కోసం చూశాడు. ‘దారిలో’ అని రాసి, దాని పక్కన ఒక మాట పట్టేంత ఖాళీ వదిలాను. లోపల్నుంచి వదిన అన్నానికి పిలిచింది. పిలుపు ఆయనకి వినబడిందో లేదో, నేను లేచేదాకా కదల్లేదు.